నానా పల్లెకు వెళ్ళాడు

మా బోఫోక్రోమ్‌లో రాజు చచ్చిపోడు. పల్లెకు వెళతాడు. రాజును మేం నానా అంటాం. చావు అన్న మాటను నానా పేరు పక్కన ఎవరు పెట్టినా గొర్రెపోతును దండుగ కట్టాలి, ఆ పైన పెద్దల చేత చివాట్లు తినాలి. అందుకని నానాకు ఆయుష్షు తీరిందని తెలిశాక పెద్దలు గొంతు తగ్గించి "నానా పల్లెకు వెళ్ళారు" అంటారు. అంతే, బజారు మూతపడుతుంది, డప్పులు మూలకు చేరతాయి, ఆడవాళ్ళు ఎరుపూ నలుపూ బట్టలు బయటికి తీస్తారు. నలభై రోజులు ఊళ్ళో పెళ్ళి ఉండదు, పాట ఉండదు. ఈలోగా మామూలువాడు ఎవడైనా పోతే వాడికోసం గట్టిగా ఏడవడానికి కూడా లేదు. రాజుగారి ఏడుపు ముందు అవ్వాలి.

ఇంత చక్కటి ఏర్పాటును కంగాళీ చేసినవాడు నా తమ్ముడు తవియా.

తవియా రాజుగారి కచేరీలో గుమాస్తా. కుమాసీ పట్నంలో ఏదో శిక్షణకని వెళ్ళి వారం ఉండి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చాక ప్రతి మాటకీ "దానికో ఫార్ములా ఉంది" అనడం మొదలుపెట్టాడు. పులుసులో ఉప్పెక్కువైందన్నా అదే జవాబు. ఓ డాక్యుమెంటు తెరిచి, అందులో పట్టికలు కట్టి, ఊరంతటినీ వాటిల్లో కుక్కాడు. ఒక పట్టికలో పెద్దలు: మనిషికో వరుస, పేరు, ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు. ఇంకో పట్టికలో రాజుగారి మైదానంలో జరగబోయే పెళ్ళిళ్ళు, నామకరణాలు, మీటింగులు. మొదటి పట్టికలో ఒక గడి మారితే రెండో పట్టికలో వరుసలు వాటంతటవే మారతాయి, సంబంధించిన వాళ్ళందరి ఫోన్లకూ మెసేజీ వెళ్ళిపోతుంది. గుమాస్తా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. కూర్చున్నాడు కూడా.

పాత నానా వెళ్ళినప్పుడు ఆ కబురు నోటా నోటా పాకి, మా పెద్దలకంటే ముందు పొరుగూళ్ళో చేపలమ్మే ఆవిడకు తెలిసిపోయింది. ఆ అవమానం పెద్దలకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి అందరికీ ఒకేసారి, మర్యాదగా తెలియాలన్నారు. కానీ ఆ పాడు మాట ఎవరూ ఎక్కడా రాయకూడదు. తవియా దానికీ ఫార్ములా ఉందన్నాడు. నానా వరుసలో "ఎక్కడున్నారు" అన్న గడిలో "పల్లె" అన్న మాట కనపడితే చాలు, నలభై రోజుల్లోపు ఉన్న వేడుకల వరుసలన్నీ "ఆగింది" అని మారిపోవాలి, ఎర్ర రంగు ఎక్కాలి, ఊరందరికీ కబురు పోవాలి. పెద్దలు చప్పట్లు కొట్టారు. తమ్ముడు కదా అని నేనూ కొట్టాను.

ఆ రెండో పట్టికలో శనివారం వరుస నాది. పొకువాకూ అంపోఫోకూ పెళ్ళి.

నవ్వితే నవ్వండి. నాకు యాభై దాటాయి. మొదటి మొగుడు పోయి చాలాకాలమైంది. అంపోఫో లారీలు నడిపీ నడిపీ విరమించుకున్న మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ, నేను అరటికాయలు దంచి చేసిన ఫుఫు ముద్ద మూడుసార్లు పెట్టించుకుని తింటాడు. అలాంటివాణ్ణి వదులుకోవడానికి నాకేం పిచ్చా? చిక్కల్లా ఆయన అక్క సపోమాతోనే. వాళ్ళ వంశానికి పెద్ద ఆవిడే. ముసలి పెళ్ళికూతురు వద్దు పొమ్మంది మొదట్లో. బతిమాలగా బతిమాలగా పెళ్ళి ఖాయమైనట్టు గుర్తుగా మా తరఫు సారా సీసాలు పుచ్చుకుని, వేలు చూపించి మరీ చెప్పింది.

"శనివారం అన్నారు, శనివారమే జరగాలి. తేదీ తప్పిందా, పితరులకు ఇష్టం లేదని లెక్క. ఇంకో ముహూర్తం అడగడానికి నా గుమ్మం తొక్కొద్దు."

గురువారం పొద్దున నేను బజార్లో టమాటాలు బేరమాడుతున్నాను. నా ఫోను మోగింది. టమాటాలావిడ ఫోనూ మోగింది. పక్కనున్న దర్జీది, ఎదురుగా ఉన్న మంగలిది, అన్నీ ఒక్కసారే మోగాయి. అందరం చదువుకున్నాం. "నానా పల్లెకు వెళ్ళారు. వేడుకలన్నీ ఆగాయి." టమాటాలావిడ నా చేతిలోంచి టమాటా లాక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని, రాగం ఎత్తుకుంటూ వెళ్ళిపోయింది.

నా గుండె జారిపోయింది. నానా కోసం కాదు. ఉన్నమాట చెబుతున్నాను, నాకు గుర్తొచ్చింది శనివారమే.

కచేరీకి పరుగెత్తాను. మైదానంలో అప్పుడే నా పెళ్ళి షామియానా ఊడదీస్తున్నారు. లోపల తవియా కుర్చీలో రెండు కాళ్ళూ కిందపెట్టి కూర్చున్నాడు. అప్పుడే అనుకున్నాను, వీడేదో చేశాడని. ఎదురుగా పెద్దాయన బాఫో చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాఫో అంటే నానాకు నోరు. నానా ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, ఎవరూ నానాతో నేరుగా మాట్లాడకూడదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేది బాఫోయే. నానా వరుసలో గడి నింపే హక్కు కూడా ఆయన ఒక్కడిదే.

"ఎప్పుడు వెళ్ళారు బాబాయ్?" అన్నాను, గొంతు తగ్గించి.

"పొద్దున్నే. మోకాలి నొప్పి, మీటింగుల గోల పడలేకపోతున్నానన్నారు. పల్లెలో కోకో తోట ఉందిగా, అక్కడికి."

"అంటే... నిజంగా పల్లెకా?"

"మరింకెక్కడికి?"

తవియా తల పట్టుకున్నాడు. "అక్కా, ఈయన గడిలో ఏం రాశాడో చూడు. 'నానా తన పల్లెలోని కోకో తోటకు వెళ్ళారు.' తోట అని ఊరుకోవచ్చు కదా! పల్లె ఎందుకు రాయాలి?"

"ఎక్కడున్నారో నిజం రాయమన్నావు, నిజం రాశాను," అన్నాడు బాఫో. "తోట పల్లెలో ఉంటే ఆకాశంలో ఉందని రాయనా?"

"ఒరే, మీ గొడవ తర్వాత," అన్నాను. "ముందు నా వరుస మార్చు."

మార్చాడు. ఎర్రగా ఉన్నది పచ్చబడింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ ఎర్రబడింది.

"అదేంట్రా?"

"పై గడిలో పల్లె ఉన్నంతసేపూ అంతేనక్కా. మారిస్తే మళ్ళీ మార్చేస్తుంది."

"ఆ గడి చెరిపేయ్."

"అది బాఫో బాబాయ్ గడి."

"నేను చెరపను," అన్నాడు బాఫో. "ఆయన అక్కడే ఉన్నారు. రాజుగారి గడిలో అబద్ధమా?"

"పోనీ ఆ ఫార్ములానే ఆపి చావు!"

"పెద్దలందరూ ఒప్పుకుంటేనే ఆగేలా కట్టానక్కా. గద్దె మేనల్లుళ్ళకే కదా వచ్చేది, వాళ్ళెవరైనా వచ్చి చెయ్యి పెడతారని. ఇప్పుడు పెద్దలంతా ఏడుపులో ఉన్నారు."

"మరి ఆగినవి మళ్ళీ నడిపించడానికి ఫార్ములా రాయలేదా?"

తవియా నావైపు జాలిగా చూశాడు. "ఎందుకు రాస్తాను? పల్లెకు వెళ్ళిన నానా ఎవరైనా తిరిగొచ్చాడా ఇప్పటిదాకా?"

వాణ్ణి కొట్టడానికి చుట్టూ చూశాను. చేతికి ఏమీ దొరకలేదు.

సరే, మనుషులకైనా సంగతి చెప్పాలి కదా. తవియా ఊరందరికీ ఇంకో మెసేజీ పంపాడు: "నానా నిజంగానే పల్లెకు వెళ్ళారు. కంగారు పడకండి." ఎవరికైనా కాస్తో కూస్తో అనుమానం మిగిలి ఉంటే ఆ "నిజంగానే"తో తీరిపోయింది. ఏడుపు మూడు వీధులకు పాకింది. అప్పుడు బాఫో స్వయంగా మెట్ల మీద నిలబడి "నానా క్షేమంగా ఉన్నారు" అని చాటాడు. కింద దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు.

"పాత నానా వెళ్ళినప్పుడు కూడా మొదట ఇదే మాట చెప్పారు బాబాయ్. మీ బాధ మాకు తెలుసులెండి."

"కాదయ్యా, ఆయన..." అని బాఫో నోరు తెరిచి, మూసేశాడు. చావలేదు అని చెప్పాలన్నా నానా పేరు పక్కన ఆ మాట పెట్టాలి కదా. బాఫో జన్మలో పెట్టడు. నేను పెడదామంటే ఇంట్లో గొర్రెపోతు లేదు. మా నానాతో నానా తంటాలు అంటే ఇవే.

మధ్యాహ్నానికి సపోమా నా గుమ్మంలో దిగింది. ఎర్రచీర, నల్ల తలగుడ్డ. వెనకాల అంపోఫో, మా సీసాలున్న పెట్టె మోసుకుంటూ.

"చూశావుగా," అంది సపోమా. "నేను చెప్పానా లేదా? పితరులు వద్దన్నారు. మామూలుగా కాదు, రాజునే పిలిపించుకుని మరీ వద్దన్నారు."

"వదినా, నానా తోటలో ఉన్నాడు. తవియా చేసిన ఫార్ములా తప్పు అది. కావాలంటే..."

"వదినా గిదినా అనకు, ఇంకా కాలేదు. నీ తమ్ముడి ఫార్ములాకి కూడా మా పితరులే దారి చూపించారేమో, నీకేం తెలుసు? పెట్టె దించరా అంపోఫో."

అంపోఫో దించలేదు. అక్క మాటకు ఎదురు చెప్పినవాడు కాదు ఎప్పుడూ. పెట్టె గుండెకు హత్తుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడన్నాడు, "అక్కా, సీసాలు రేపు సాయంత్రం దాకా నా దగ్గరే ఉండనీ. ఈలోగా ఆయన్ని తీసుకొస్తా."

"ఎవర్ని?"

"నానాని."

సపోమా ముక్కున వేలేసుకుంది. "పల్లె నుంచా? సరే, తీసుకురా. చూస్తాను." అలా అని వెళ్ళిపోయింది. అంపోఫో పెట్టె పట్టుకుని నావైపు చూసి నవ్వాడు, కానీ కళ్ళు నవ్వలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఊరంతా ఏడుస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే అంపోఫో పాత పికప్పులో బయలుదేరాం. నేనూ, ఆయనా, మధ్యలో బాఫో. ఏరు దాటాక ఫోన్లకు సిగ్నలు పోయింది. దారి కూడా దాదాపు పోయింది. తోటలోకి వెళ్ళేసరికి ఆకుల పాక కింద నానా దార్కో చిరుగుల నిక్కరుతో ముక్కాలిపీట మీద కూర్చుని అరటికాయ కాలుస్తున్నాడు. పక్కన వేరుశనగలు, కల్లు ముంత. కాళ్ళకు చెప్పుల్లేవు. రాజు పాదం నేలకు తగిలితే ఊరికి అరిష్టం అంటారు. ఆ పాదాలేమో బురదలో హాయిగా మునిగి ఉన్నాయి. బాఫో చటుక్కున తల తిప్పుకుని కొబ్బరిచెట్టుకేసి చూశాడు.

"వీళ్ళెందుకొచ్చారో అడుగు," అన్నాడు నానా. నాకు మూరెడు దూరంలో ఉన్నాడు.

"ఎందుకొచ్చారని నానా అడుగుతున్నారు," అన్నాడు బాఫో చెట్టుతో.

"ఊళ్ళో అందరూ నానా పల్లెకు వెళ్ళారంటున్నారని చెప్పండి," అన్నాను.

"తమరు పల్లెకు వెళ్ళారంటున్నారట నానా."

"వచ్చానుగా."

"అలా కాదు నానా." బాఫో చెట్టుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "గొంతు తగ్గించి అంటున్నారు."

అరటికాయ తిప్పుతున్న చెయ్యి ఆగింది. నానా మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కల్లు ముంత ఒరిగిపోతే అంపోఫో పట్టుకున్నాడు.

"బాగా ఏడుస్తున్నారా?"

"చాలా బాగా నానా," అన్నాడు బాఫో.

"మేనల్లుళ్ళు?"

"ఇద్దరూ అక్రా నుంచి దిగారు. పెద్దవాడు రాజుగారి చెప్పుల్లో కాలు పెట్టి చూసుకున్నాడు."

"వాడి పాదం పెద్దది, అవి పట్టవు." నానా కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే సోమవారం పొలం హద్దుల మీటింగు?"

"ఆగిందండి."

"మంగళవారం కోడలి పంచాయితీ?"

"అదీ ఆగింది. అన్నీ ఆగాయి."

నానా ముఖంలో ఒక వెలుగు వచ్చింది. కాలిన అరటికాయ రెండు ముక్కలు చేసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. "బాఫో, వీళ్ళకి చెప్పు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. కొన్నాళ్ళు ఇలాగే ఉండనీ. గద్దె ఎక్కినప్పటి నుంచి ఇంత హాయిగా ఎప్పుడూ లేను. తవియాకు నా మెప్పు చెప్పండి."

బాఫో ఆ మాట నాకు చెప్పబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"విన్నాను, చెవిటిదాన్ని కాదు!" అని నానా ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నేరుగా. బాఫో కర్ర అడ్డం పెట్టబోతే తోసేశాను. "నానా, నువ్వు ఎక్కడున్నా నాకు అక్కర్లేదు. చల్లగా ఉండు, కల్లు తాగు. కానీ రేపు నా పెళ్ళి. నా వయసు చూశావుగా. ఇన్నేళ్ళు ఒక్కదాన్నే వండుకుని, ఒక్కదాన్నే తిని, కుండలో మిగిలింది పొద్దున్నే మళ్ళీ నేనే తిని, చెప్పుకోడానికి ఎదురుగా మనిషి లేక గోడతో మాట్లాడాను. ఇప్పుడు ఈయన దొరికాడు. మీ పల్లె మాట వల్ల వీళ్ళక్క పితరులు వద్దన్నారని సీసాలు తిప్పి పంపుతోంది. రేపు తప్పితే ఇంక లేదు. నాకు ఈ మనిషి కావాలి. అంతే. ఇప్పుడు నాకు గొర్రె వేస్తావో గొడ్డు వేస్తావో వేసుకో."

అంపోఫో ముంత పట్టుకుని తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

నానా నావైపే చూశాడు. బాఫో వైపు తిరగలేదు. "నాతో ఎవరైనా ఇలా మొహం మీద మాట్లాడి ఎన్నాళ్ళయిందో అమ్మాయ్," అన్నాడు. "మా ఆవిడ కూడా బాఫోతోనే తిట్టిస్తుంది." లేచి నిక్కరు దులుపుకున్నాడు. "ఆ సపోమా చిన్నప్పుడు కూడా ఇంతే. ఆటలో ఓడిపోతే పితరులు ఒప్పుకోలేదనేది. పద."

వెనక్కి వచ్చేటప్పుడు నానా ముందుసీట్లో, నేనూ బాఫో వెనక గాలికి కూర్చున్నాం. ఏరు దాటగానే సిగ్నలు వచ్చింది. ఆ మంచి మనిషి బాఫో చప్పున ఫోన్ తీసి, నేను చూసేలోపు తన గడి నింపేశాడు: "నానా పల్లె నుంచి బయలుదేరారు."

పల్లె.

"నానా పల్లెకు వెళ్ళారు" అని ఊళ్ళో ఫోన్లన్నీ మళ్ళీ మోగాయని తర్వాత తెలిసింది. ఒక్క వారంలో ఇద్దరు నానాలు పల్లెకు వెళ్ళడం ఎవరూ ఎరగరు. గద్దె ఎక్కకుండానే పెద్ద మేనల్లుడు కూడా వెళ్ళాడనుకుని, అతను కూర్చున్న గదిలోకే వచ్చి అతని గురించి భోరున ఏడ్చారట. మా పికప్పు బజార్లోకి వచ్చేసరికి ఏడుపు రెట్టింపై ఉంది. ముందుసీట్లో అద్దం దించుకుని నానా చెయ్యి ఊపాడు. దర్జీ కుట్టుమిషను కిందికి దూరాడు. టమాటాలావిడ తట్ట వదిలేసి మసీదులోకి పరుగెత్తింది, ఆవిడ చర్చి మనిషి. నిమిషంలో బజారు ఖాళీ.

పికప్పు తిన్నగా సపోమా ఇంటి ముందు ఆగింది. వాకిట్లో ఉన్న చుట్టాలందరూ గోడలు దూకారు. సపోమా మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ధైర్యమో, కాళ్ళు రాకో నాకు తెలియదు. ఎర్రచీర కొంగు నోట్లో కుక్కుకుని గుడ్లప్పగించి చూస్తోంది.

బాఫో ముందుకు వచ్చి కర్ర నేలకు తాటించాడు. "నానా అంటున్నారు..."

"నువ్వు ఉండవయ్యా," అన్నాడు నానా. "నోరు కావలసింది బతికున్న రాజుకి. నేను పల్లెకు వెళ్ళినవాణ్ణి. ఒకసారి కూడా కాదు, రెండుసార్లు. ఊరంతా చదువుకుంది." కుర్చీ లాక్కుని సపోమా ఎదురుగా కూర్చున్నాడు. బురద పాదాలు అలాగే ఉన్నాయి. "ఏం సపోమా, ఈ పెళ్ళి పితరులు వద్దన్నారన్నావట?"

సపోమా తల ఊపింది. అవునో కాదో తెలియకుండా ఊపింది.

"నేనూ వాళ్ళలోనే చేరానుగా ఇప్పుడు. నన్నెవరూ అడగలేదే. ఎవరు వద్దన్నారు, పేరు చెప్పు. కనుక్కుంటాను."

సపోమా కొంగు నోట్లోంచి తీసింది. మా నానా వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. అంపోఫో ఆ సీసాల పెట్టె తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఈసారి పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఆవిడ పెట్టె పట్టుకుని కూర్చుంటే నేనే ఒక సీసా మూత తీసి ఇచ్చాను. వంశానికి పెద్ద కాబట్టి పితరుల వాటా నేల మీద ధార పోసి, పేర్లు పిలిచి, సమ్మతి అడగాల్సింది ఆవిడే. లేచి నిలబడి సీసా వంచింది.

నానా గ్లాసు పట్టాడు. "నేల మీద ఎందుకు వృథా? ఇందులో పొయ్యి."

సపోమా నేలకేసి చూసింది. గ్లాసుకేసి చూసింది. పోసింది.

నానా ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుని, "మేం ఒప్పుకున్నాం," అన్నాడు.